మడత మరిచిన కోటు

ఆ శీతకాలం మా మంచులోవలో ఒంటరిగా నడిచే మనిషి కనిపిస్తే పోలీసులు ఆపేవారు. దొంగేమోనని కాదు. రెండో సగం ఎక్కడుందో కనుక్కోవడానికి.

నవ్వుతారని తెలుసు. నవ్వండి, తప్పులేదు. కాకపోతే మొదటినుంచీ వినండి.

మాది కొండమీద ఊరు. కార్తీకం వెళ్లిందంటే కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి, జడ వేసుకోవాలంటే ముందు పొయ్యి రాజేయాలి. ఘాటురోడ్డు ఎక్కి వచ్చే తొలి బస్సు డ్రైవరు దిగీ దిగగానే రెండు చేతులూ నా ఇడ్లీపాత్ర ఆవిరిలో పెట్టేవాడు. చేతులు కరిగాక గానీ ఇడ్లీ అడిగేవాడు కాదు. నా పొయ్యి బస్టాండు తూర్పు మూల. నూకరత్నం ఇడ్లీ అంటే కింద మైదానంలో కూడా చెబుతారు. పడమటి మూలలో ఇంకో పొయ్యి ఉంది. అది నా తోడికోడలు దేముడమ్మది. దాని ఇడ్లీ గురించి ఎవరేం చెబుతారో నాకు తెలియదు. మేం మాట్లాడుకోం.

మా అత్తగారు పోయాక ఇల్లు పంచారు. ఎవరికీ అన్యాయం జరగకూడదని పెద్దమనుషులు బాగా ఆలోచించి, రుబ్బురోలు నాకూ పొత్రం దేముడమ్మకూ ఇచ్చారు. పొత్రం ఇవ్వమని నేను అడగలేదు, రోలు ఇవ్వమని అది అడగలేదు. ఆనాటి నుంచి మా మధ్య మాటల్లేవు. బస్సులు తిరిగే జాగా ఒకటి నడుమ ఉంది కాబట్టి రోజులు సాఫీగానే గడిచాయి.

చలికోటంటే మాకు గఫూరే. బజారులో కుట్టుమిషను పెట్టుకున్న మనిషి. పాత రగ్గు పట్టుకెళితే కోటు చేసి ఇచ్చేవాడు. కొలత తీసేటప్పుడు, "అమ్మా, పొట్ట లోపలికి లాక్కోకండి, రేపు కోటు తొడుక్కున్నప్పుడల్లా లాక్కోవాల్సి వస్తాది" అనేవాడు. మా మామగారికి అతను కుట్టిన కోటు మామగారి తరవాత మా ఆయన, మా ఆయన తరవాత మా మేక కూడా వేసుకుంది. అంత గట్టి కుట్టు.

అలాంటి ఊరికి చలి నివారణ, స్వావలంబన శాఖ వచ్చింది.

ప్రత్యేకాధికారిగా శేషశయనరావుగారిని వేశారు. ఆయన ఏదో చలిదేశానికి శిక్షణకు వెళ్లి ఒక పుస్తకం తెచ్చారు. ఆకురాలు కాలంలో అక్కడి జనం కాగితపు నమూనా కొనుక్కుని, దాన్ని బట్టమీద పరిచి, ఎవరి వెచ్చటి కోటు వాళ్లే ఇంట్లో కూర్చుని సరదాగా కుట్టుకుంటారట. పుస్తకంలో బొమ్మలు నేనూ చూశాను. కిటికీ పక్కన పిల్లి, చేతిలో టీ కప్పు, ఒంటిమీద కోటు. ముచ్చటగానే ఉన్నాయి. వాళ్లకది సరదా. మన దగ్గరికొచ్చేసరికి పథకమైంది.

మొదట నోటీసు బోర్డుమీద 'ప్రతి పురుషుడూ తన జాకెట్టును తానే కుట్టుకొనవలెను' అని రాశారు. మగవాళ్లంతా కట్టగట్టుకుని ఆఫీసు మీదికి వెళ్లారు. సాయంత్రానికి జాకెట్టు కొట్టేసి కోటు అని దిద్దారు. మంచులోవ జనం మాట ఆ శాఖ విన్నది ఆ ఒక్కసారే.

ప్రారంభోత్సవం బస్టాండులో పెట్టారు. పుస్తకంలో ఆకులు రాలాకే కుట్టడం మొదలవుతుంది. మా ఊళ్లో ఆకులు మాఘం దాటితే గానీ రాలవు. బంట్రోతు సూరిబాబు చెట్టెక్కి కొమ్మలు దులిపాడు. ఒక్క ఆకూ రాలలేదు. చివరికి కత్తితో కోసి రాల్చాడు. శేషశయనరావుగారు ఒక ఆకు చేత్తో పట్టుకుని, ఆకురాలు కాలము ప్రారంభమైనట్లు ఇందుమూలముగా ప్రకటించడమైనదని చదివి, మైకు సర్దుకున్నారు.

"సోదర సోదరీమణులారా! చలి అనునది ఒక సహజ ఉపద్రవం. ఇతరులు కుట్టిన కోటు తొడుక్కోవడం ఒక సామాజిక ఉపద్రవం. ఈ రెండింటినీ ఏకకాలంలో నిర్మూలించే దిశగా స్వహస్త కోటు పథకానికి శ్రీకారం చుట్టుచున్నాం. రాబోయే అమావాస్య మొదలుకొని, స్వహస్తంతో కుట్టిన కోటు ధరించని ఏ వ్యక్తికీ సూర్యోదయానికి పూర్వం బస్టాండు ఆవరణలో వ్యాపార అనుమతి ఉండదు."

నా బేరమంతా సూర్యోదయానికి ముందే. ఎండ వచ్చాక ఇడ్లీ తినేవాడెవడు, పూరీలంటారు.

గఫూర్ జనంలోంచి లేచి చెయ్యెత్తాడు. "సార్, నా కోటు నేనే కుట్టుకుంటాను. కాగితం ఇప్పించండి."

"మీరేం చేస్తుంటారు?"

"టైలర్నండి."

"స్వహస్తము అనగా శిక్షణ పొందని హస్తము. మీ హస్తం శిక్షణ పొందినది. కావున మీరు అనర్హులు," అన్నారు శేషశయనరావుగారు. అంతటితో ఆగక గఫూర్‌కు 'కుట్టు దళారీ' అని పేరు పెట్టి, దుకాణానికి సీలు వేయించారు. గఫూర్ మిషనును తలుపు బయటికి లాక్కుని, దానిమీద బీడీలు పెట్టుకుని అమ్మసాగాడు.

మాకు తలా ఒక కాగితం, తలా ఒక బట్ట ముక్క పంచారు. బట్ట మంచిదే. బూడిదరంగు ఉన్ని. ఇంటికెళ్లి నేల అలికినంత మేర కాగితం పరిచి చూశాను. ముందు ముక్క ఒకటి, చేతిది ఒకటి, వీపుది ఒకటి. వీపు ముక్క చూడగానే నాకు అర్థమైంది. నాకేమిటి, ఊళ్లో రవిక కుట్టించుకున్న ప్రతి ఆడదానికీ అర్థమైంది. మనిషిని సగానికి గీశారు. బట్టను మడతపెట్టి, మడతమీద ఆ కాగితం ఆనించి కోస్తే, విప్పేసరికి రెండో పక్క దానంతటదే వస్తుంది. కాగితాలన్నీ అలాగే చేస్తారు. ఆ మాట అంచున రాసి కూడా ఉంది, సరిగ్గా దానిమీదే శాఖవారి గుండ్రటి సీలు పడింది. సరే, మడత వేద్దామని చూస్తే బట్ట చాలదు. బట్టను కూడా కాగితం కొలిచే ఇచ్చారు మరి.

మర్నాడు ఆఫీసుకు వెళ్లాను. నా వెనక సగం బజారు ఉంది.

"బావూ, ఇది సగం మనిషిది," అన్నాను కాగితం చూపించి.

శేషశయనరావుగారు కళ్లజోడు పెట్టుకున్నారు. "ఇది ఆమోదిత నమూనా అమ్మా. ఆమోదం పొందినది సగం ఉండదు. పూర్తిగానే ఉంటుంది."

"కాదు బావూ, బట్టని మడతెయ్యాల. అప్పుడు రెండోపక్క వొచ్చీస్తాది. అందుకు ఇంకొంచెం బట్ట కావాల."

"మడత వేస్తే ఒకే నమూనాతో రెండు వైపులు వస్తాయంటారు. అంటే ప్రభుత్వం ఒకసారి ఇచ్చినదాన్ని మీరు రెండుసార్లు వినియోగించుకుంటారన్నమాట. దీన్ని మేం దుర్వినియోగం అంటాం."

"మరి కుడిపక్క సలెయ్యదా బావూ?"

ఆయన లేచి నిలబడ్డారు. అప్పుడు చూశాం. తన కోటు తాను కుట్టేసుకున్నారు పాపం. ఎడమ చెయ్యి, ఎడమ ఛాతీ, ఎడమ వీపు. జారిపోకుండా చంక కిందనుంచి జంధ్యంలా ఒక టేపు కట్టుకున్నారు. గోడమీద అదే కోటుతో ఆయన ఫోటో, పక్కన పేపరు కటింగు.

"కుడి చెయ్యి పనిచేసే చెయ్యి. పనిచేసే చేతికి చలి ఉండదు. ఇది శాస్త్రీయం," అన్నారు. ఆ కుడి చెయ్యి మాత్రం మేం ఉన్నంతసేపూ వేడి టీగ్లాసును వదల్లేదు.

అమావాస్య వచ్చేసరికి ఊరంతా ఎడమపక్క కోట్లలోకి దిగిపోయింది. బేరం పోగొట్టుకోలేం కదా. గాలి ఎడమనుంచి వీస్తే బాగానే ఉండేది. కుడినుంచి వీస్తే జనం వెనక్కి తిరిగి నడిచేవారు. పోస్టాఫీసుకు వెళ్లేవాళ్లు ముందుకు, పోస్టాఫీసునుంచి వచ్చేవాళ్లు వెనక్కి. మలుపుల దగ్గర గుద్దుకునేవారు. మా పురోహితుడు కుడిచేత్తో అక్షతలు వేయబోయి, వణుకుకు పెళ్లికొడుకు మీద పడాల్సినవి ఫోటోగ్రాఫరు మీద వేశాడు.

ఫిర్యాదులు వెళ్లాయి. కిందినుంచి ఒక కమిటీ వచ్చింది. నిండు కోట్లు తొడుక్కుని, గెస్టుహవుసులో కుంపట్లు పెట్టించుకుని పరిశీలించింది. పరిశీలన అయ్యాక వాళ్ల పెద్దాయన బస్టాండులో నిలబడి నివేదిక చదివాడు.

"సదరు కోటు అన్ని విధాలా సమగ్రంగా ఉన్నట్టు కమిటీ నిర్ధారించింది. లోపం కోటులో లేదు. లబ్ధిదారుల్లో ఉంది. ఒక్కొక్క లబ్ధిదారుడు కోటుకు మించి, రెండు పక్కలతో ఉన్నట్టు క్షేత్రస్థాయిలో గమనించాం. కనుక కోటును మార్చనవసరం లేదు. లబ్ధిదారుల వినియోగ విధానాన్ని మార్చవలసి ఉంది."

ఆ మారిన విధానం పేరు యుగళ కోటు. ఊళ్లో సగం మంది తమ కోటు కుట్లు విప్పి, కాగితాన్ని బోర్లా వేసుకుని, కుడిపక్క కోటు కుట్టుకోవాలి. ఎడమవాళ్లొకరూ కుడివాళ్లొకరూ జతగా నిలబడి, వీపు వెంబడి గుండీలు పెట్టుకోవాలి. ఎడమ మనిషి ఎడమ చెయ్యి బయట, కుడి మనిషి కుడి చెయ్యి బయట. లోపలి చేతులు రెండూ ఏం చేయాలో ఉత్తర్వులో లేదు. కోటేమో ఒక్క మనిషి కొలత, మనుషులేమో ఇద్దరు. ఆ చేతులకు ఒకరినొకరు పట్టుకోవడం తప్ప వేరే దారి దొరకలేదు.

ముందు మొగుడూ పెళ్లాలను జత చేశారు. మొదటి రోజు ఊరంతా సినిమాలా ఉంది. మూడో రోజుకు పంచాయితీలు మొదలయ్యాయి. "ఈయన గురక నా చెవిలో పెడతన్నాడు బాబో" అని ఒకామె, "దీనితోపాటు నేనూ చీరల కొట్లో పొద్దంతా నిలబడాల్సి వస్తంది" అని ఇంకొకాయన. మిగిలినవాళ్లను శాఖే జత చేసింది. ఒక కానిస్టేబులునూ, వాడు ఎప్పుడూ పట్టుకోలేకపోయిన కోళ్ల దొంగనూ జత చేశారు. ఆ దొంగ కోడి కోసం గోడ దూకితే కానిస్టేబులూ దూకాడు. దొంగను పట్టుకున్నట్టా, దొంగతనానికి వెళ్లినట్టా అని స్టేషనులో తేల్చలేక ఇద్దరికీ టీ ఇచ్చి పంపేశారు.

స్నానానికీ, ఇంకా చెప్పుకోలేని పనులకూ గుండీలు విప్పుకోవాలంటే 'గుండీ విప్పు అనుమతి' తీసుకోవాలి. జతలో ఒకరికి అవసరమైతే ఇద్దరూ సంతకం పెట్టాలి. జత ఎక్కడ నిలబడాలన్నా, ఎక్కడికి కదలాలన్నా ఇద్దరి సమ్మతీ ఉండాలి. ఒకరిని ఒకరు ఈడ్చుకుపోయే కేసులు వచ్చాయట, అందుకని.

ఊళ్లో జత దొరకనిది శేషశయనరావుగారికి ఒక్కరికే. గెజిటెడ్ అధికారిని నాన్ గెజిటెడ్ మనిషితో గుండీలు పెట్టి కలపడం సర్వీసు నిబంధనలకు విరుద్ధం. ఆయనకు సమానమైన హోదా కొండమీద ఎవరికీ లేదు. పాపం, ఎడమ సగంతోనే తిరిగేవారు. ముక్కు కుడిపక్క మాత్రమే కారేది.

నా జత ఎవరో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు.

"ఒకే ఇంటిపేరు, ఒకే వృత్తి, ఒకే బస్టాండు. ఆదర్శ జత," అన్నారు శేషశయనరావుగారు. నేను ఎడమ, దేముడమ్మ కుడి. నేనేమో ఎండు కట్టెపుల్ల. అది కాస్త దండిగా ఉంటుంది. సూరిబాబు మా వీపు వెనక నిలబడి గుండీలు పెట్టలేక, మోకాలు ఆనించి లాగి పెట్టాడు.

"సూరిబాబూ," అంది దేముడమ్మ, నా మొహం చూడకుండా. "ఆ పక్కనున్నావిడికి సెప్పు. మోచెయ్యి నా డొక్కలో పొడుస్తంది."

"సూరిబాబూ, ఆవిడికి సెప్పు. డొక్క అంత దూరం దాకా ఉన్నాదని నాకు తెలీదు."

"అది కూరలో నూనె తగలనిచ్చే కొంప కాదుగదా, అందుకే ఆ మోచెయ్యి మేకులాగున్నాదని సెప్పు."

సూరిబాబు ఆ మొహం వైపూ ఈ మొహం వైపూ తల తిప్పుకుంటూ, "మీరిద్దరూ ఒకే కోటులో ఉన్నారు. నేను బయటున్నాను. నన్నొగ్గీండి తల్లీ" అని పారిపోయాడు. తరవాత బస్సు డ్రైవర్లను పట్టుకున్నాం. చెవికీ చెవికీ జానెడు దూరం లేని మేం, ఇడ్లీ తినేవాడి ద్వారా మాట్లాడుకునేవాళ్లం.

ఇంతవరకూ నవ్వులాటే. అసలు దెబ్బ తరవాత పడింది.

జతకు ఒకటే వ్యాపార స్థలం అని ఉత్తర్వు వచ్చింది. ఒక కోటు అంటే ఒక వ్యాపారి. ఒక వ్యాపారికి రెండు మూలలు ఉండవు. తూర్పా, పడమరా తేల్చుకుని చెప్పాలి. వదిలేసిన మూలలో పథకం విజయస్తూపం కడతారు. తేల్చుకోకపోతే రెండు మూలలూ పోతాయి. గడువు పెద్ద కార్యదర్శిగారు తనిఖీకి వచ్చే రోజు.

మా ఆయన పోయినప్పుడు దినాలు కూడా పూర్తికాకుండా నేను పొయ్యి రాజేసింది ఆ తూర్పు మూలలోనే. ఆ మొదటి రోజు ఒక లారీ క్లీనరు ఇడ్లీ తిని, ఉప్పు తక్కువైందని చెప్పలేక, నా మొహం చూసి ఇంకో నాలుగు తిన్నాడు. ఆ మూలలో నిలబడే నేను మళ్లీ మనిషినయ్యాను. దాన్ని వదలమంటే ఎలా?

పడమర గురించి దేముడమ్మకూ ఇలాంటిదే ఏదో ఉండి ఉంటుంది. అడగలేదు. మేం మాట్లాడుకోం కదా.

తేలేదాకా ఒక రోజు తూర్పున, ఒక రోజు పడమట నిలబడ్డాం. నా మూలలో ఉన్న రోజు బయట ఉండే చేతులు నా ఎడమది, దాని కుడిది. నేను పళ్లెం పడితే అది చట్నీ వేయాలి. నా చట్నీని అది గరిటె నిండా, గంగలో పోసినట్టు పోసేసేది. దాని మూలలో ఉన్న రోజు నేను ఊరుకున్నానా? దాని ఇడ్లీలు ఆబగా తినే మనిషికి "కడుపు చూసుకో బావూ" అనేదాన్ని. చెబుతున్నాను కానీ, దాని అల్లం చట్నీ నా నాలుకకు తగిలింది ఒకసారి. బాగుంది. ఆ మాట ఇప్పుడే చెబుతున్నాను, మీరు దానికి చెప్పకండి.

ఏమైనా ఎవరి మూల వాళ్లు వదల్లేదు. గడువు రోజు వచ్చింది.

తెల్లారలేదింకా. మంచు పొగలా దిగి ఉంది. ఇడ్లీపాత్ర నెత్తిన పెట్టుకుని ఇద్దరం బస్టాండులోకి వచ్చాం. నేను తూర్పుకు లాగాను. అది పడమరకు లాగింది. కోటు గుండీలు కిర్రుమన్నాయి. కాసేపు అలాగే బస్సులు తిరిగే జాగాలో గుంజుకున్నాం. ఆఖరికి ఇద్దరికీ ఊపిరి ఆడక అక్కడే నిలబడిపోయాం. చేసేదేముంది, మూడు రాళ్లు పెట్టి అక్కడే పొయ్యి రాజేశాం.

అప్పుడు తొలి బస్సు వచ్చింది. హారను కొట్టింది. డ్రైవరు తల బయటపెట్టి, "అమ్మా, మీ ఇద్దరిలో ఎవరో ఒకరు జరగండి. బస్సెక్కడ తిప్పను?" అన్నాడు.

"ఆవిడ జరిగితే నానూ జరుగుతాను," అన్నాను.

"ఆవిడికీ అదే సెప్పు," అంది దేముడమ్మ.

బస్సు వెనక కారు ఆగింది. కారుమీద ఎర్రదీపం తిరుగుతోంది. కార్యదర్శిగారు. ఆయన కారు వెనక ఇంకో మూడు కార్లు. శేషశయనరావుగారు దండ పట్టుకుని ఎదురెళుతున్నవారు, మమ్మల్ని చూసి పరిగెత్తుకు వచ్చారు. సగం కోటు రెపరెపలాడుతోంది.

"ఏమిటిది? తక్షణం ఖాళీ చేయండి!"

"చేసేత్తాం బావూ. కదలాలంటే ఇద్దరి సమ్మతీ ఉండాలని తమరేగా రాశారు. నాను తూరుపుకి సమ్మతి. ఈవిడి కాదు."

"నాను పడమరకి సమ్మతి," అంది దేముడమ్మ.

"అయితే గుండీలు విప్పండి!"

"అనుమతి కావాల. ఇద్దరి సంతకాలూ కావాల," అన్నాను.

"నాను పెట్టను," అంది దేముడమ్మ.

శేషశయనరావుగారు కుడిచెయ్యి చంకలో పెట్టుకుని, ఎడమచేత్తో చెమట తుడుచుకున్నారు. అంత చలిలో చెమటేమిటో. "రెండు మూలలూ రద్దు చేస్తాను! ఇప్పుడే! ఈ నిమిషమే! సూరిబాబూ, ఆ పొయ్యి తీసెయ్!"

సూరిబాబు ఒక అడుగు వేశాడు. రెండు మూలలూ పోతాయి. ఆ ముక్క వినగానే ఎందుకో, సరే దాని మూలే ఉండనీ, ఒకటైనా మిగులుతుంది అనిపించింది. పడమరకు ఒక అడుగు వేయబోయాను.

లోపలి చెయ్యి నా నడుమును గట్టిగా పట్టుకుంది.

"కదలకే అక్కా," అంది దేముడమ్మ. "నువ్వు కదిలితే నానూ కదలాల. ఇద్దరం పోతాం. నిలబడు."

రోలూ పొత్రం పంచుకున్నాక అది నాతో అన్న మొదటి మాట అది. డ్రైవరుతో చెప్పించలేదు. నా చెవిలోనే అంది.

నిలబడ్డాను. సూరిబాబు మమ్మల్ని చూశాడు, పొయ్యిని చూశాడు, ఇడ్లీపాత్ర మూత తీసి, "సార్, ఇంకా ఉడకలేదు" అని వెనక్కి వెళ్లిపోయాడు.

ఇంతలో కార్యదర్శిగారు కారు దిగి వచ్చారు. ఆయన కోటు రెండు చేతులదీ. మా ఇద్దరినీ కిందనుంచి మీదికి చూశారు.

"వీళ్లెందుకు ఇలా అతుక్కుని ఉన్నారు?"

"యుగళ కోటు సార్. తమరి కమిటీ నివేదిక మేరకే. సగం వస్త్రంతో సంపూర్ణ లబ్ధి," అన్నారు శేషశయనరావుగారు.

"అద్భుతం," అన్నారు కార్యదర్శిగారు. "పథకం దిగ్విజయమైనట్టు రాసుకోండి. కానీ నా కారు ఎందుకు ఆగింది?"

"వీరు కదలడానికి నిబంధనలు అడ్డొస్తున్నాయి సార్."

"నా రాకపోకలకు అడ్డొచ్చే నిబంధన ఏదీ ఉండకూడదని మూల నిబంధన. తెలీదా?"

అక్కడికక్కడ బస్సు బానెటు మీద కాగితం పెట్టి ఉత్తర్వు రాశారు. 'ఉన్నతాధికారుల రాకపోకల సందర్భంగా మంచులోవ పరిధిలోని సమస్త జతలూ గుండీలు విప్పుకొని, ఎవరి స్థానములకు వారు విడివిడిగా చేరవలెను.' కార్యదర్శిగారు సంతకం పెట్టారు. సూరిబాబు మైకులో చదివాడు. నిమిషంలో ఊరంతా గుండీలు ఊడిన చప్పుడు. కోళ్ల దొంగ కొండ దిగువకు పరిగెత్తాడు. కానిస్టేబులు అలవాటుకొద్దీ వాడి పక్కనే పరిగెత్తాడు.

ఎవరి స్థానములకు వారు. అంటే నేను తూర్పుకు, దేముడమ్మ పడమరకు. కార్యదర్శిగారి కారు మా మధ్యనుంచి వెళ్లిపోయింది. ఆ ఉత్తర్వు ఎప్పటిదాకా అన్నది రాయలేదు. మళ్లీ గుండీలు పెట్టుకోమనాలంటే కార్యదర్శిగారు రాకపోకలు మానేసినట్టు ఎవరో ఒకరు రాసివ్వాలి. ఆయన గురించి అలా రాసే ధైర్యం ఎవరికుంటుంది? మేం ఇప్పటికీ విడివిడిగానే ఉన్నాం. చట్టప్రకారం. విజయస్తూపం ఆఫీసు వెనక పెరట్లో కట్టుకున్నారు.

జనం కోటు ముక్కలు పట్టుకుని గఫూర్ దగ్గర లైను కట్టారు. అతని దుకాణానికి సీలు ఇంకా ఉంది. మిషను బయటే ఉంది కాబట్టి సీలుకు ఏ భంగమూ కలగలేదు. బీడీలు పక్కకు జరిపి, ఎడమ ముక్కనూ కుడి ముక్కనూ కలిపి కుట్టేశాడు. జతకొక నిండు కోటు తేలింది. ఆ నిండు కోటు ఎవరిదని ఇళ్లలో జరిగిన యుద్ధాలు మళ్లీ వేరే కథ.

శేషశయనరావుగారు ఇప్పటికీ ఎడమ సగంతోనే ఉన్నారు. కుడి ముక్క ఒకటి కుట్టుకోమని గఫూర్ ఎంత చెప్పినా వినరు. "ఆమోదిత నమూనాలో అది లేదయ్యా" అంటారు. మంచి మనిషే.

మా కోటును ఒక రోజు నేనూ ఒక రోజు దేముడమ్మా వేసుకోవాలనుకున్నాం. మొదటి వంతు నాది. వేసుకుంటే ఏముంది, ఇద్దరి మీద సాగిపోయిన ఉన్ని ఒక్కదాని మీద నిలవదే! మెడలోంచి దూరిన చలి మోకాళ్లలోంచి బయటికి పోతోంది. మర్నాడు దేముడమ్మ వేసుకుంది. అంత మనిషికీ వదులే. కాసేపు ఓర్చుకుంది. తరవాత బస్సులు తిరిగే జాగా దాటుకుని, కోటు రెండు కొసలూ పట్టుకుని నా పొయ్యి దగ్గరికి వచ్చేసింది.

"ఇదేటే అక్కా, గోనెసంచిలో దిగినట్టున్నాది. గాలంతా లోపలే తిరుగుతంది. నువ్వు సగం దూరు."

"దూరతాను గానీ, దూరి ఎక్కడ నిలబడాల?"

"ఇంకెక్కడ, నా పొయ్యి కాడ."

"నీ పొయ్యి కాడా? నువ్వే నా పొయ్యి కాడికి వొచ్చీసి, ఇప్పుడు నన్ను నీ పొయ్యి కాడికి రమ్మంటావేటే?"

"అల్లం సట్నీ అక్కడున్నాది."

"ఇడ్లీ ఇక్కడున్నాది."

అలా మాట్లాడుకుంటూనే ఉన్నాం. తొలి బస్సు డ్రైవరు దిగి, పడమటి మూలలో ఎవరూ లేని ఇడ్లీపాత్ర ఆవిరిలో చేతులు పెట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు. ఆ రోజు మొదలైన మాట, ఈ శీతకాలానికి కూడా ఇంకా తేలలేదు.